యజమాని ముందే తేల్చేసిన కొనుగోలుకు పోలిక రిపోర్టు రాయమంటే?

పలాస జీడి ఫ్యాక్టరీలో కటింగ్ మిషన్ ఎవరి దగ్గర కొనాలో యజమాని ముందే తేల్చేసి, మూడు కొటేషన్లతో పోలిక రిపోర్టు రాయమన్నారని, ఇప్పుడేం చేయాలని ఒకరు అడిగారు.

ఇలాంటి రిపోర్టుల్లో అంకెలు చాలావరకు నిజమే, మోసం వాటిని ఏరడంలో ఉంటుంది. నచ్చిన మిషన్ చవకైతే ధర ముఖ్యమంటారు, ఖరీదైతే సర్వీసు ముఖ్యమంటారు. మిగతా రెండు కొటేషన్లు వేరే సైజు మిషన్లకు తెప్పిస్తారు. గంటకు ఎన్ని కిలోలో బ్రోచర్ నుంచి ఎత్తి రాస్తారు, గుండు పప్పు (విరగనిది) ఎంత, బద్ద (రెండుగా చీలింది) ఎంత అన్నది వదిలేస్తారు. జీడిలో డబ్బు మిగిలేదీ పోయేదీ అక్కడే! రెండుసార్లు ఇలా జరిగితే స్టాఫ్ అసలు లెక్క చెప్పడమే మానేస్తారు.

కొటేషన్లు తెరవకముందే కొలమానాలు రాసి, తేదీతో మెయిల్ పెట్టండి. ఒకే లాటు పిక్కలు (పెంకుతో ఉన్న జీడి గింజలు), ఒకే సేపు ఉడికించి, ప్రతి మిషన్ మీదా 80 కిలోల బస్తా ఆడించండి. గుండు, బద్ద, ముక్క, కోతపడనివి విడివిడిగా తూయించండి. ఉడుకు తేడా వస్తే పప్పు విరగడం కూడా మారుతుంది, పోలిక చెల్లదు.

అడ్వాన్సు ఇప్పటికే వెళ్ళిపోతే పోలిక పట్టిక రాయకండి. "యాజమాన్యం నిర్ణయం, తెలిసిన రిస్కులు ఇవి" అని ఒక పేజీ నోటు మర్యాదగా ఇవ్వండి. ట్రయల్‌లో ఒప్పుకున్న గుండు శాతం రాకపోతే చివరి వాయిదా ఆపేలా కొనుగోలు ఆర్డర్‌లో షరతు పెట్టించండి. చాలామంది యజమానులు దీనికి ఒప్పుకుంటారు, డబ్బు వాళ్ళదే కదా.