గడ్డిమేటు కేసు చూసి ఫోరెన్సిక్ అంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గర పల్లె. అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది, బైపీసీ. మొన్న వేసవిలో పక్కింటివాళ్ల గడ్డిమేటు తగలబడి పోలీసు కేసయింది. ఆ కాగితాలు చదివినప్పటినుంచీ ఫోరెన్సిక్ చదువుతానంటోంది. దానికంటే లా నయమని వాళ్ల మావయ్య అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఆ కాగితాల్లో మీ అమ్మాయిని పట్టుకున్నదేమిటో ముందు అడగండి. ‘ఎవరు, ఎందుకు’ అంటే మావయ్య మాటలో పస ఉంది. ‘ఎక్కడ అంటుకుంది, ఎలా’ అంటే ఆమెది ల్యాబు బుర్ర.

మనం ‘తగలబెట్టేశారు’ అనేస్తాం. చట్టంలో ఆ నేరం పేరు మిస్చిఫ్. బడిలో అల్లరి అని అర్థం చెప్పిన మాటే, ఇక్కడ ఎదుటివాడి ఆస్తికి నష్టమని తెలిసీ చేసిన పని. పాత ఐపీసీలో 435, 436 సెక్షన్లు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 326. పంటతో సహా ఏ ఆస్తికి నిప్పు పెట్టినా అందులో ఎఫ్ క్లాజు, 7 ఏళ్ల దాకా జైలు. మనుషులుండే ఇల్లో, గుడో, సరుకు దాచే గొడౌనో కాల్చాలని పెడితే జి క్లాజు, 10 ఏళ్ల దాకా లేదా యావజ్జీవం. మేటు పక్కనే తాటాకిల్లు ఉంటే నిప్పు పెట్టినవాడి గురి దేనిమీదో లాయర్లు వాయిదాల కొద్దీ వాదించుకుంటారు.

ల్యాబు మనిషికి ఆ గొడవ లేదు. మంట ఎక్కడ మొదలైంది, దాన్ని ఎగదోసిన ఆక్సిలరెంట్, అంటే పెట్రోల్‌లాంటిది, ఏదైనా ఉందా అన్నదే లెక్క. కాలిన గడ్డి గుప్పెడు తీసి క్యారీబ్యాగులో కట్టి పంపితే పెట్రోల్ ఆవిరి దారిలోనే పోతుంది. గాలి చొరని రేకు డబ్బాలో పెట్టి సీలెయ్యాలి. అదే మేటులో కాలని గడ్డి ఇంకో డబ్బాలో, పోల్చుకోడానికి. అది కంట్రోల్ శాంపిల్. డబ్బా ఎవరి చేతినుంచి ఎవరి చేతికి ఎప్పుడు వెళ్లిందో రాసిన వరసే చైన్ ఆఫ్ కస్టడీ. అది ఒక్కచోట తెగిందా, డిఫెన్స్ లాయరుకి పండగే. ఇంతా చేసి, ఆవిరిలో ఏమేం కలిశాయో విడదీసి చూసే గ్యాస్ క్రొమటోగ్రఫీలో దొరికినా, రిపోర్టులో రాసేది ‘పెట్రోల్ అవశేషాలు ఉన్నాయి’ అనే. ఎవరో పోశారని రాయకూడదు. మందుకొట్టే పెట్రోల్ స్ప్రేయరు అక్కడే పెట్టే అలవాటుండొచ్చు. తడిమీద వేసిన మేటు లోలోపల కాగి అంటుకోవడమూ ఉంది. చుట్టముక్క సంగతి మీకు చెప్పక్కర్లేదు.

నిపుణులూ పొరబడ్డారు. గాజుమీద సన్నటి బీటల వల కనిపిస్తే పెట్రోల్ పోసినట్టే అనేవారొకప్పుడు. 1991లో అమెరికాలో ఓక్లాండ్ కొండల్లో కాలిన ఇళ్లు చూసి, ల్యాబులో పరీక్షించాక తేలింది: కాలిన గాజుమీద నీళ్లు పడ్డా అలాగే బీటలిస్తుంది.

చదువు సంగతి. గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత ఐదేళ్ల బీఎస్సీ-ఎమ్మెస్సీ ఉంది. ఇక్కడే కెమిస్ట్రీతో డిగ్రీ చేసి పీజీకి వెళ్లడం నాకు నచ్చే దారి. దారి మారాలనుకున్నా డిగ్రీ వృథా కాదు. లా అయితే రాష్ట్ర ప్రవేశపరీక్ష లాసెట్, లేదా జాతీయ ప్రవేశపరీక్ష క్లాట్ రాసి విశాఖలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ. సర్కారు ల్యాబు పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఎప్పుడొస్తాయో తెలీదు. అయితే 7 ఏళ్లు, ఆపైన శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలికి వెళ్లాలని ఇంకో కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత, అంటోంది. దాన్ని అమల్లో పెట్టడానికి రాష్ట్రాలకిచ్చిన గడువు ఐదేళ్లు. అంటే మీ అమ్మాయి చదువు అయ్యేసరికి మనుషులు కావాలి.

ఆ మేటు కాలిన చోటుకు అమ్మాయిని తీసుకెళ్లి, తను చూసింది మాత్రమే పది వాక్యాల్లో రాయమనండి. ‘ఎవరో’ అనే మాట రాకూడదు. ఆ కాగితం నాకు పంపండి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.