పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: చైనావారి జొన్న సారా

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగం పని మీద చైనా వెళ్లి వస్తూ ఒక చిన్న సీసా తెచ్చాడు. చూడడానికి నీళ్లలా ఉంది గానీ, మూత తీయగానే బాగా మాగిన అనాసపండు వాసన గుప్పుమంది. ఇది జొన్నలతో చేసిన మద్యమని అంటున్నాడు. రొట్టెల్లో, సంకటిలో లేని ఈ వాసన జొన్నకు ఎక్కడి నుంచి వచ్చింది?
(ఒక పాఠకుడు, కర్నూలు)

జవాబు: మీ ఇంటికి వచ్చినది బైజ్యూ. చైనా భాషలో 'బై' అంటే తెలుపు, 'జ్యూ' అంటే మద్యం. దీనికి ప్రధానమైన ధాన్యం జొన్నే అయినా, మీరు గమనించిన వాసన జొన్నది కాదు; అది బూజూ మట్టీ కలిసి చేసిన పని.

మన నాటుసారాకు బెల్లం ఊట వేస్తారు. బెల్లంలో చక్కెర సిద్ధంగా ఉంటుంది కనుక అది తేలిగ్గా పులుస్తుంది. ధాన్యంలో ఉండేది పిండిపదార్థం కాబట్టి దాన్ని ముందు చక్కెరగా మార్చాలి. ఇందుకోసం విస్కీ తయారుచేసేవారు బార్లీని మొలకెత్తిస్తారు. చైనావారు మాత్రం ఆ పనిని బూజుకు అప్పగించారు. నలగ్గొట్టిన గోధుమలను తడిపి, ఇటుకల్లా అచ్చుపోసి, వెచ్చని గదుల్లో వారాల తరబడి ఉంచుతారు. గాలిలోని బూజులు, ఈస్టులు, బాక్టీరియా వాటిలో చేరి పెరుగుతాయి. 'చ్యూ' అని పిలిచే ఈ ఇటుకలను పొడిచేసి ఉడికిన జొన్నలో కలిపితే, పిండి చక్కెరగా మారడమూ చక్కెర మద్యంగా మారడమూ ఒకేసారి సాగుతాయి. విశేషమేమిటంటే ఇక్కడ మన ఊటలాంటి ద్రవమేమీ ఉండదు. తడి ధాన్యాన్నే కుప్పగా గుంతల్లో నింపి, పైన మట్టితో మూసివేస్తారు. పులిశాక ఆ ముద్దను పెద్ద ఆవిరిపాత్రలో పరచి, ఇడ్లీలకు పట్టినట్టు కింది నుంచి ఆవిరి పట్టి, పైకి వచ్చిన ఆవిరిని చల్లబరచి సారా పడతారు.

ఇక అనాసపండు సంగతి. సిచువాన్ రాష్ట్రంలోని లూజౌలో 1573లో తవ్విన మట్టి గుంతలు నేటికీ వాడుకలో ఉన్నాయి. ఇటువంటి పాత గుంతల మట్టిలో స్థిరపడిన బాక్టీరియా ఒక రకం ఆమ్లాన్ని తయారుచేస్తుంది. అది మద్యంతో కలిసినప్పుడు ఇథైల్ హెగ్జనోయేట్ అనే పదార్థం ఏర్పడుతుంది. అనాసపండును తలపించే వాసన దానిదే కనుక మీ సీసా బైజ్యూల్లో 'ఘాటు పరిమళం' అనే తరగతికి చెందినదై ఉండవచ్చు. అదే రాష్ట్రంలోని యీబిన్‌లో తయారయ్యే వూల్యాంగ్యే కూడా ఈ కోవదే. అందులో జొన్నతో పాటు వరిబియ్యం, జిగురుబియ్యం, గోధుమ, మొక్కజొన్న కలుస్తాయి. ఉత్తరాన షాన్షీలో ఫెన్‌జ్యూ కాచేవారు ధాన్యానికి మట్టి తగలకుండా భూమిలో పాతిన జాడీల్లో పులియబెడతారు కాబట్టి, దాని వాసన తేలికగా ఉంటుంది.

అన్నిటికంటే పేరుమోసిన మావోతాయ్ గుయ్‌జౌ రాష్ట్రంలో ఛీష్వేయ్ నది ఒడ్డున అదే పేరుగల ఊళ్లో తయారవుతుంది. అక్కడ ఒక విడత పని పూర్తి కావడానికి ఏడాది పడుతుంది. రెండుసార్లు ధాన్యం వేసి, తొమ్మిదిసార్లు ఆవిరి పట్టి, ఎనిమిదిసార్లు పులియబెట్టి, ఏడుసార్లు సారా తీస్తారు. ఆ తరువాత అది ఏళ్ల తరబడి జాడీల్లో మాగుతుంది. 53 శాతం ఆల్కహాల్ గల ఆ మద్యానికి సోయా సాస్‌ను పోలిన వాసన ఉంటుంది. కొత్తవారికి ముక్కు మూసుకోవాలనిపించవచ్చు గానీ, ఇంగువ వాసన తొలిసారి చూసిన పరదేశికి మనమేం చెబుతామో ఇక్కడా అదే చెప్పుకోవాలి.

ప్రశ్న: వచ్చే నెల వ్యాపారం పని మీద చైనా వెళుతున్నాను. మద్యం ముట్టను. విందులో వద్దంటే అవమానంగా తీసుకుంటారని భయపెడుతున్నారు. నిజమేనా?
(ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: భయం పూర్తిగా నిరాధారం కాదు. పెళ్లిలోనూ పండుగలోనూ బైజ్యూ ఉంటుంది. చింగ్‌మింగ్ రోజున పూర్వికుల సమాధుల దగ్గర దాన్ని నేలపై ధారగా పోస్తారు. తెలంగాణలో అమ్మవారికి కల్లు సాక పోయడం చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు. వ్యాపార విందులో మాత్రం అది మర్యాదలను కొలిచే సాధనం. వేలెడంత గ్లాసుల్లో పోసి, 'గాన్‌బేయ్' అంటే, అనగా 'గ్లాసు ఆరిపోవాలి' అంటే, ఒక్క గుక్కలో ఖాళీ చేయాలి. గ్లాసులు తాకించేటప్పుడు చిన్నవారు తమ గ్లాసు అంచును పెద్దల గ్లాసు కంటే కిందుగా పట్టుకుంటారు. ఇద్దరూ వినయవంతులైతే గ్లాసులు పోటీపడి బల్ల దాకా దిగడమూ ఉంది.

1972 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ బీజింగ్ వెళ్లినప్పుడు చైనా ప్రధాని చౌ ఎన్‌లై ఆయనతో తాకించిన గ్లాసులో ఉన్నది మావోతాయే. ఏర్పాట్లు చూడడానికి ముందుగా వెళ్లివచ్చిన అమెరికా అధికారి అలెగ్జాండర్ హేగ్, అధ్యక్షుడు ఆ గ్లాసు తాగకుండా చూడాలని హెచ్చరించినా, నిక్సన్ తాగనే తాగాడు.

అయితే తప్పుకునే దారిని ఆ సంప్రదాయమే చూపించింది. 'ఈ ఛా దాయ్ జ్యూ', అంటే 'మద్యానికి బదులు తేనీరు', అనే నాలుగక్షరాల నానుడి అక్కడివారందరికీ తెలుసు. విందు మొదట్లోనే మీ నియమం చెప్పి, తేనీటి గ్లాసుతో లేచి, రెండు చేతులతో పట్టుకుని, పెద్దల గ్లాసు కంటే కిందుగా తాకించండి. ఒక గుక్క తాగాక మానేయడం కంటే అసలు మొదలుపెట్టకపోవడమే సులువు. సగంలో ఆగినవారినే ఎక్కువగా బలవంతపెడతారు. పైగా 2012 చివరి నుంచి ప్రభుత్వ విందుల మీద ఆంక్షలు వచ్చాయి. తాగి వాహనం నడపడాన్ని 2011లోనే నేరంగా మార్చారు. అందువల్ల కాదనేవారిని చూసి ఆశ్చర్యపోవడం మునుపటికంటే తగ్గింది.

ప్రశ్న: ప్రాచీన చైనా కవి లీ బై తాగినది ఇదేనా?
(ఒక విద్యార్థి, గుంటూరు)

జవాబు: కాదనే చెప్పాలి. లీ బై 8వ శతాబ్దివాడు. 1596లో అచ్చయిన ఔషధ గ్రంథంలో వైద్యుడు లీ షిజెన్, కాచి తీసే మద్యం ప్రాచీన పద్ధతి కాదనీ, మంగోలుల యువాన్ పాలనాకాలంలో (13, 14వ శతాబ్దాల్లో) మొదలైందనీ రాశాడు. ఆరంభం అంతకు ముందేనని వాదించే పండితులు ఉన్నా, లీ బై కాలానికి వాడుకలో ఉన్నది పులియబెట్టి వడకట్టిన పలుచని ధాన్యపు మద్యమే. ఒక్క ఊపులో మూడు వందల గిన్నెలు తాగాలని కవి రాయగలిగాడంటే కారణం అదే. ఆ గిన్నెల్లో మావోతాయ్ పోసి ఉంటే పద్యం రెండో పాదం దాటేది కాదు.