డబ్బా కోసే ముందు పిల్లి అడుగులు చూడు

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

నాన్నా, నువ్వు పంపిన ఫోటో చూశాను. లిట్టర్ డబ్బా, అదే పిల్లి ఒకటికీ రెంటికీ వెళ్లేందుకు మట్టి గింజలు పోసి పెట్టే డబ్బా, ఒక మూలనుంటే గింజలు గది దాటి మంచం దాకా వచ్చేశాయి. "రాత్రి పాదాలు దులుపుకోకుండా పడుకోలేకపోతున్నా పెద్దమ్మా, పొద్దున్నే మళ్లీ ఊడ్పు" అని రాశావు. ఆ బాధ నాకు బాగా తెలుసు. పాతికేళ్లుగా పిల్లులతోనే ఉన్నాను కదా, ఊడ్చిన గింజలకు లెక్కే లేదు. కొత్త డబ్బా నువ్వే తయారు చేస్తానన్నందుకు చాలా సంతోషమేసింది. కొలతలు అడిగావు, చెబుతాను. దానికి ముందు నీ చేత ఒక చిన్న పని చేయించాలి.

ఇప్పుడున్న డబ్బా చుట్టూ శుభ్రంగా ఊడ్చి, ముదురు రంగు పాత దుప్పటి ఒకటి పరుచు. డబ్బా నుంచి మంచం వైపు ఎంత పొడుగు వస్తే అంత. రెండు రోజులు దాన్ని దులపకు. పిల్లి వెళ్లొచ్చిన ప్రతిసారీ ఒకసారి వంగి చూడు. చెత్త అంతా ఒక్కటే రకం కాదని నీకే తెలుస్తుంది. డబ్బా గోడను ఆనుకుని చిక్కగా చల్లినట్టు పడింది తవ్వేటప్పుడు విసిరింది. ఒక చారలాగా దూరం సాగింది పాదాలతో మోసుకొచ్చింది. అంచు కింద తడిసి గట్టిపడి ఉంటే, పిల్లి లేచి నిలబడి ఒకటికి పోసుకున్నప్పుడు గోడ మీంచి కారింది. ఈ మూడింటికీ మూడు మందులు. ఏది ఎక్కువో తెలియకుండా డబ్బా చేస్తే లేని రోగానికి మందు వేసినట్టవుతుంది.

నీ ఫోటో చూస్తే నాకనిపించేది, నీ దగ్గర రెండో రకమే ఎక్కువ. దాని గురించే కాస్త వివరంగా రాస్తాను.

ఒకప్పుడు నేను టార్చి పట్టుకుని, నేల మీద బోర్లా పడుకుని మా పిల్లి పాదాలు గమనించాను. పని అయ్యాక మట్టి కప్పి, ముందు కాళ్లు రెండూ అంచు మీద పెట్టి ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో కుడి పాదం వేళ్ల మధ్య నాలుగైదు గింజలు ఇరుక్కుని స్పష్టంగా కనిపించాయి. ముందు పాదానికి అయిదు వేళ్లు, వెనక పాదానికి నాలుగు, ఆ వేళ్ల సందుల్లో బొచ్చు. పైగా పిల్లికి చెమట పట్టేది ముఖ్యంగా ఆ పాదాల మెత్తల దగ్గరే. ఆ చెమ్మకు సన్న రేణువు అతుక్కోక ఏం చేస్తుంది? పిల్లి నేల మీద నెమ్మదిగా అడుగు వేసినప్పుడు పాదం మీద బరువు పడి వేళ్లు విచ్చుకుంటాయి, ఇరుక్కున్నది రాలుతుంది. మా ఇంట్లో నేను చూసినంతలో చాలా భాగం మొదటి నాలుగైదు అడుగుల్లోనే రాలిపోయింది. అదే డబ్బాలోంచి ఒక్క దూకు దూకి పరిగెత్తిందనుకో, దులుపుకునే అడుగులే ఉండవు. మిగిలిందంతా నీ పక్క మీదికే వస్తుంది.

అందుకే నా మాట ఒక్కటే నాన్నా. డబ్బా కన్నా డబ్బాలోంచి బయటికొచ్చే దారి ముఖ్యం. పిల్లి దూకకుండా, నడిచి, నాలుగైదు అడుగులు మన చాప మీద వేసేటట్టు దారి ఏర్పాటు చెయ్యి. మిగతావన్నీ దాని తర్వాతే.

ఇంకో విషయం చెబితే నీకు ఆశ్చర్యంగా ఉంటుంది. అసలు ఈ లిట్టర్ పుట్టిందే ఈ అడుగుల గొడవ వల్ల. 1947లో అమెరికాలోని మిషిగన్‌లో ఎడ్ లో అనే ఆయన్ను పొరుగావిడ ఇసుక అడిగింది. అప్పటిదాకా పిల్లి పెట్టెలో బూడిద వేస్తోందట, ఇల్లంతా నల్లటి అడుగుల ముద్రలు. ఆయన ఇసుకకు బదులు, తడిని బాగా పీల్చే ఒక రకం బంకమట్టి గింజలు ఇచ్చాడు. అలా మొదలైంది ఈ వ్యాపారమంతా. తర్వాత 1980ల్లో బెంటొనైట్ మట్టితో తడి తగలగానే ఉండకట్టే రకం వచ్చింది. ఎత్తి పారేయడం చాలా తేలికైంది. కానీ అది సన్నటి రేణువు కాబట్టి అడుగులకు అంటుకోవడం మళ్లీ మొదటికొచ్చింది.

ఇక డబ్బా. బట్టలు దాచుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బా తీసుకో, లిట్టర్ బాక్స్ అని అమ్మేవాటిలో చాలావరకు చిన్నవి. పిల్లిని ముక్కు నుంచి తోక మొదలు దాకా కొలువు. డబ్బా పొడవు దానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. నీ పిల్లి 45 సెంటీమీటర్లుంటే డబ్బా 68 దాకా ఉండాలన్నమాట. డబ్బా ఇరుకైతే పిల్లి మధ్యలో తిరగలేక అంచును ఆనుకుని తవ్వుతుంది, తవ్విందంతా బయటే పడుతుంది. మూడు వైపులా గోడ 30 నుంచి 35 సెంటీమీటర్ల ఎత్తుంటే విసిరే చెత్తా, కారే తడీ రెండూ లోపలే ఆగిపోతాయి. మట్టి 5 నుంచి 7 సెంటీమీటర్ల మందం చాలు. నీ ఫోటోలో అంచుకు రెండు వేళ్ల కిందిదాకా నింపావు. ఎక్కువ పోస్తే పిల్లికి సుఖమని అనుకున్నట్టున్నావు. లోతు పెరిగే కొద్దీ కాళ్లు కూరుకుంటాయి, గింజలు పాదం పైభాగానికి కూడా ఎక్కుతాయి. తగ్గించు.

గుమ్మం డబ్బాకు పొడవు తక్కువున్న వైపు పెట్టు. నేల నుంచి 12 సెంటీమీటర్ల ఎత్తులో, పిల్లి భుజాలు తగలకుండా 20 సెంటీమీటర్లకు తక్కువ కాని వెడల్పుతో, యూ ఆకారంలో కొయ్యి. ఎత్తు అంతకన్నా పెంచితే దూకడం మొదలుపెడుతుంది. కోసే ముందు యూ అడుగున రెండు మూలల్లోనూ డ్రిల్‌తో గుండ్రటి బెజ్జాలు వేసి, ఆ బెజ్జాల దాకానే రంపం తీసుకురా. అలా చేయకపోతే ప్లాస్టిక్ మూల దగ్గర చిట్లి, ఆ పగులు కిందికి పాకుతుంది. గాజులా పెళుసుగా ఉండే డబ్బా అసలు కొనకు, వేలితో నొక్కితే కాస్త వంగే రకం చూసి తెచ్చుకో.

కోసిన అంచును శాండ్ పేపర్‌తో రుద్ది, ఒక రబ్బరు గొట్టాన్ని పొడవునా చీల్చి దాని మీద తొడుగు. తర్వాత పాత మేజోడు చేతికి వేసుకుని అంచంతా నిమిరి చూడు. దారం ఎక్కడ తట్టుకుంటే అక్కడ పిల్లి పొట్ట కూడా గీసుకుంటుంది. మేజోడు ఎక్కడా ఆగకుండా జారే దాకా రుద్దు. ఈ పని తొందరలో చేయకు నాన్నా. లోపలికి వెళ్లేటప్పుడు ఒక్కసారి గుచ్చుకుందంటే పిల్లికి ఆ డబ్బా మీద నమ్మకం పోతుంది, మళ్లీ రావడం చాలా కష్టం.

ఇప్పుడు దారి. డబ్బా గుమ్మాన్ని గది వైపు తిప్పకు, గోడ వైపు తిప్పు. గుమ్మానికీ గోడకూ మధ్య 30 సెంటీమీటర్లు వదులు. పిల్లి బయటికి రాగానే ఎదురుగా గోడ ఉంటుంది కాబట్టి దూకడానికి చోటుండదు. పక్కకు తిరిగి, డబ్బా పొడవునా నడిచి గదిలోకి రావాలి. ఆ దారంతా చాప పరిచావంటే నీకు కావలసిన నాలుగైదు అడుగులు దొరికినట్టే. ఒకే పిల్లి ఉన్న ఇంటికి ఇది చాలు. రెండుంటే మాత్రం దారికి రెండో చివర కూడా తెరిచి ఉంచు. ఒకటి లోపలుండగా ఇంకొకటి దారికి అడ్డంగా కూర్చుని బెదిరించడం నేను చూశాను. అలా బెదిరిన పిల్లి డబ్బా వదిలేసి సోఫా వెనక చేరుతుంది. రెండు పిల్లులకు మూడు డబ్బాలు వేరువేరు చోట్ల పెట్టాలని పశువైద్యులు చెప్పేది కూడా ఇందుకే.

చాప రెండు పొరలది తీసుకో. పైపొరకు తేనెపట్టులాంటి కన్నాలు, కింద కన్నాల్లేని పొర. గింజలు కన్నాల్లోంచి జారి మధ్యలో చేరతాయి, రోజూ మడిచి మళ్లీ డబ్బాలోకి వంపుకోవచ్చు. కొనేముందు అరచేతిని గట్టిగా నొక్కి చూడు. నీ చేతికి ముళ్లలా గుచ్చుకుంటే పిల్లి దాని మీద కాలు పెట్టదు, ఒక్క అంగలో దాటేస్తుంది. చాప అంచును డబ్బా కిందికి కొంచెం దోపు, లేకపోతే ఆ సందులోకే గింజలన్నీ చేరతాయి.

మూతలోంచి దిగే డబ్బా సంగతి అడిగావు. మూతకు 25 సెంటీమీటర్ల గుండ్రటి కన్నం కోసి, మిగతా భాగమంతా చిన్న బెజ్జాలు వేస్తే, పిల్లి పైకెక్కినప్పుడు పాదాల గింజలు మళ్లీ లోపలే పడతాయి. చెత్త తగ్గించడంలో దానికి సాటి లేదు. నేను కూడా ఎంతో ఇష్టంగా చేశాను. పది రోజులు ఇల్లు అద్దంలా ఉంది. పదకొండో రోజు ఉతికిన బట్టల కుప్పలో తడి కనిపించింది. మా పెద్ద పిల్లికి అప్పటికి పదమూడేళ్లు, కీళ్ల నొప్పులు. రోజూ ఆ ఎత్తు ఎక్కి దిగలేక, ఓర్చుకున్నంత కాలం ఓర్చుకుని, మెత్తగా ఉన్న చోటు వెతుక్కుంది. నేల శుభ్రంగా ఉందని నేను మురిసిపోతున్న రోజుల్లో అది నొప్పి పడుతోందని తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. నీ పిల్లి చిన్న వయసుది, చురుకైనది, అయినా నేను చెప్పిన పక్క గుమ్మం డబ్బాకే నా ఓటు. ముసలి పిల్లికైతే గుమ్మం 7, 8 సెంటీమీటర్లకు తగ్గించి కోయాలి. అలాంటప్పుడు మట్టి కూడా 5 సెంటీమీటర్లకు మించి పోయకు.

మట్టి సంగతి. చెక్కపొట్టు గుళికల్లాంటివి లావుగా ఉంటాయి కాబట్టి వేళ్ల మధ్య ఇరుక్కోవు. నీకు అదే సుఖం. కానీ చాలా పిల్లులకు ఇసుకలాంటి మెత్తని స్పర్శే ఇష్టం. మార్చి చూడాలనుకుంటే పాతదాంట్లో రోజుకు గుప్పెడు చొప్పున కొత్తది కలుపుతూ రెండు వారాలు తీసుకో. పిల్లి అంచు మీద నిలబడి, పాదం దించకుండా పని కానిచ్చేస్తోందంటే నచ్చలేదని అర్థం, వెనక్కి వచ్చేయి. సెంటు కలిపినవి అసలు వద్దు. మనకు వాసన తగ్గినట్టుంటుంది, దాని ముక్కుకు అది శిక్ష.

ఉండలు రోజుకు రెండుసార్లు తీసెయ్యి. తడి మట్టే ఎక్కువ అంటుకుంటుంది కాబట్టి నీ చెత్త కొంత ఇక్కడే తగ్గుతుంది. డబ్బా కడగడానికి వేడినీళ్లు, వాసన లేని సబ్బు చాలు. బ్లీచ్ వాడకు. మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే ఊపిరికి హాని చేసే వాయువు వస్తుంది. ఇంట్లో ఎవరైనా గర్భంతో ఉంటే ఈ పని వాళ్లకు అప్పగించకు. పిల్లి మలంతో టాక్సోప్లాస్మా అనే క్రిమి సోకే ప్రమాదం ఉంది. ఆ క్రిమి అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది, అందుకే ఏ రోజుది ఆ రోజే తీసేయడం అందరికీ మంచిది. వేళ్ల మధ్య బొచ్చు మరీ పెరిగితే, పిల్లి నిద్రలో ఉన్నప్పుడు మొన మొద్దుగా ఉన్న కత్తెరతో మెత్తలకు సమంగా కత్తిరించు. ఒక రోజు ఒక పాదం చాలు.

కొత్త డబ్బా తయారయ్యాక పాతది వెంటనే తీసెయ్యొద్దు. రెండూ పక్కపక్కన పెట్టి, పాతదాంట్లోంచి రెండు గరిటెల వాడిన మట్టి కొత్తదాంట్లో వెయ్యి, తన వాసన గుర్తుపట్టి తనే దిగుతుంది. ఎత్తుకెళ్లి అందులో కూర్చోబెట్టకు. వరసగా రెండు వారాలు కొత్తదాన్నే వాడితే అప్పుడు పాతది తియ్యి.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. నీది మగపిల్లి. మాటిమాటికీ డబ్బాలోకి వెళ్లి, కూర్చుని, ముక్కుతూ, చుక్క కూడా రాకుండా లేచి వస్తోందంటే కొత్త డబ్బా నచ్చలేదని అనుకోకు. మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. రేపు చూద్దాం అనుకునే జబ్బు కాదది, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. అర్ధరాత్రైనా సరే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు, దారిలోంచి నాకు ఫోన్ చెయ్యి.

ఈ రాత్రికే దుప్పటి పరుచు. ఎల్లుండి దాని ఫోటో పైనుంచి తీసి పంపు, డబ్బా పక్కన స్కేలు కూడా పెట్టు. గుమ్మం ఎటు కోయాలో చూసి చెబుతాను. అప్పటిదాకా డబ్బా మీద రంపం పెట్టకు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ