2011 విప్లవం తర్వాత ఉత్తర ఆఫ్రికాలోని ట్యునీషియాకు పశ్చిమ దేశాలు అంత సాయం చేసినా ప్రజాస్వామ్యం ఎందుకు నిలబడలేదు?

నేను 2014 నుంచి 2018 వరకు స్ఫాక్స్ దగ్గర ఒక ఫాస్ఫారిక్ యాసిడ్ ప్లాంటులో పనిచేశాను. ట్యునీషియా నుంచి ఆ యాసిడ్ మన దేశానికీ వస్తుంది, డీఏపీ ఎరువు తయారీకి. అక్కడ ఉండి చూసినవాడిగా నా జవాబు ఇది: మీరు సాయం అంటున్నదాంట్లో చాలా భాగం అప్పు. ఆ అప్పుకు పెట్టిన షరతులు ఏ జనం కోసం విప్లవం వచ్చిందో వాళ్ల నెత్తినే పడ్డాయి.

ముందు మంచి చెప్పాలి. 2014 అక్టోబరు ఎన్నికల మర్నాడు మా షిఫ్టులో ఒకాయన సిరా పూసిన వేలు చూపించాడు. మన ఊళ్లో ఓటేసి వచ్చినవాళ్ల ముఖంలో చూసే వెలుగే ఆయన ముఖంలోనూ చూశాను. ఎన్నికల సంఘానికి శిక్షణ, విదేశీ పరిశీలకులు, స్వచ్ఛంద సంస్థలకు నిధులు, వీటన్నిటికీ పశ్చిమ దేశాల డబ్బు బాగా పనికొచ్చింది. దాన్ని నేను తక్కువ చేయను.

చిక్కంతా తిండి దగ్గర, ఉద్యోగం దగ్గర వచ్చింది. మా ప్లాంటుకు ఫాస్ఫేట్ రాయి గఫ్సా గనుల నుంచి రైల్లో రావాలి. ఆ గనుల ఊళ్లలో ఉద్యోగం లేని కుర్రాళ్లు పట్టాల మీద గుడారాలు వేసి కూర్చునేవాళ్లు. ప్లాంటు రోజుల తరబడి ఆగిపోయేది, మాకు టెన్షన్. కానీ వాళ్ల మీద నాకు కోపం రాలేదు. కాళ్ల కింద ఖనిజం ఉంది, ఇంట్లో జీతం లేదు. 2010లో దేశంలో దాదాపు 80 లక్షల టన్నుల ఫాస్ఫేట్ తీసేవారు. నేనున్న ఏళ్లలో అందులో సగం దాటడమే గగనంగా ఉండేది. దేశానికి డాలర్లు తెచ్చే దారి ఇలా మూసుకుపోతే లోటు పూడ్చడానికి అప్పు తప్ప ఏముంటుంది?

అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) 2013లో 174 కోట్ల డాలర్లు, 2016లో సుమారు 290 కోట్ల డాలర్ల కార్యక్రమాలకు ఒప్పుకుంది. అమెరికా మూడుసార్లు అప్పులకు హామీ ఉంది. ఐఎంఎఫ్ కోరింది ప్రభుత్వ జీతాల ఖర్చు తగ్గించాలని, ఇంధన సబ్సిడీ కోయాలని, అక్కడి కరెన్సీ దీనారు విలువను కాస్త మార్కెట్‌కు వదిలేయాలని. లెక్కల పుస్తకంలో తప్పేమీ కనపడదు. నేను చేరినప్పుడు డాలరుకు రెండు దీనార్లు కూడా లేవు, తిరిగొచ్చేసరికి మూడుకు దగ్గరపడింది. 2018 జనవరిలో పెట్రోలు, పన్నులు పెరగగానే మళ్లీ వీధుల్లో మంటలు. "ఖూయా, స్వేచ్ఛ వచ్చింది, బజారు సంచి చిన్నదైంది" అన్నాడు ఆ సిరా వేలాయన. ఖూయా అంటే తమ్ముడూ, అన్నా అని పిలవడం.

అప్పు కన్నా మార్కెట్ తెరిచి ఉంటే ఎక్కువ మేలు జరిగేది. స్ఫాక్స్ చుట్టూ ఎటు చూసినా ఆలివ్ తోటలే. అక్కడి నూనె చాలా భాగం పీపాల్లో ఇటలీకి, స్పెయిన్‌కు పోతుంది, వాళ్ల సీసాల్లో వాళ్ల పేరుతో అమ్ముడవుతుంది. 2015లో రెండు ఉగ్రదాడులు జరిగాక యూరప్ సుంకం లేకుండా ఏటా అదనంగా 35,000 టన్నులు తీసుకుంటామంది. అదీ 2016, 2017 రెండేళ్లకే. తమ రైతులు ఒప్పుకోరని వాళ్ల భయం. అప్పివ్వడానికి మాత్రం ఆ భయం లేదు.

2021 జూలై 25న అధ్యక్షుడు కైస్ సయీద్ పార్లమెంటును ఆపేసినప్పుడు చాలామంది సంతోషించారన్నది మర్చిపోకండి. 2023 జూలైలో యూరోపియన్ యూనియన్ ఆయనతోనే కొత్త ఒప్పందం చేసుకుంది. అందులో 10.5 కోట్ల యూరోలు వలసల్ని ఆపడానికి. అదే నెలలో నేనున్న స్ఫాక్స్ నుంచి అక్కడి అధికారులు నల్లజాతి వలసదారులను సరిహద్దు ఎడారిలో వదిలేశారు. నా వరకు ప్రజాస్వామ్యానికి మద్దతు అనే మాట అక్కడితో అయిపోయింది.

ఆ సిరా వేలాయనతో ఇప్పటికీ ఫోన్లో మాట్లాడతాను. 2022 డిసెంబరు ఎన్నికలకు సుమారు 11 శాతమే ఓటేశారు. ఆయన వెళ్లలేదు.