సూది ఎక్కడ పొడిచినా ఒకటేనా?

ప్రశ్న: మా ముర్రా గేదె ఈనిన రెండో రోజు పాలజ్వరంతో (ఒంట్లో కాల్షియం పడిపోయే జబ్బు) పడిపోతే డాక్టరుగారు వచ్చి కాల్షియం సీసా సగం మెడ నరానికి ఎక్కించి, మిగతా సగం చర్మం కింద వేశారు, లేచింది. పిడుదులకి ఐవర్‌మెక్టిన్ నేనే తుంటి కండలో వేశాను, అక్కడ గడ్డ కట్టింది. ఎక్కడేసినా లోపలికేగా పోయేది! ఈసారి కాల్షియం నేనే ఎక్కించుకోవచ్చా?
– ఒక రైతు, దుగ్గిరాల, గుంటూరు జిల్లా

జవాబు: వద్దండి, ఆ పని మాత్రం పెట్టుకోకండి. నరానికి, అంటే రక్తనాళంలోకి ఇచ్చిన మందు క్షణాల్లో గుండెకు చేరుతుంది, కాల్షియం కాస్త జోరుగా పోయిందంటే గుండె లయ తప్పి గేదె అక్కడికక్కడే ప్రాణం వదిలేయొచ్చు. అందుకే సీసాను గోరువెచ్చగా చేసి, గుండె చప్పుడు వింటూ నిదానంగా వదులుతాం. మరి సగం చర్మం కింద ఎందుకంటే, అక్కడ రక్తం తక్కువగా ఆడుతుంది కాబట్టి మందు మెల్లగా పీల్చుకుని గేదె మళ్లీ కూలబడకుండా కాస్తుంది.

ఐవర్‌మెక్టిన్ కూడా చర్మం కింద వేసేదే, సీసా మీద రాసే ఉంటుంది. జబ్బకు ముందు చర్మాన్ని రెండు వేళ్లతో గుడారంలా లేపి, సూదిని ఏటవాలుగా దింపండి. మొన లోపల అటూ ఇటూ తేలిగ్గా కదిలితే సరైన చోట ఉన్నట్టు. కదలకుండా బిగుసుకుని, నొక్కితే శనగగింజంత బుడిపె లేస్తే చర్మం మందంలోనే ఇరుక్కుందని అర్థం (గేదె తోలు కదా మరి). అన్నట్టు ఈ మందు పాలల్లోకీ దిగుతుంది, పాలిచ్చే గేదెకు సొంతంగా వేయకండి.

యాంటీబయాటిక్స్ చాలావరకు కండకే. తుంటి మీద మాత్రం వద్దు, కాలిని కదిలించే పెద్ద నాడి అటే పోతుంది, దానికి తగిలితే కుంటిదైపోతుంది. మెడ పక్క కండలో వేసి, ఒకేచోట 10 మి.లీ. మించకుండా చూడండి. పొడిచాక పిస్టన్ కొంచెం వెనక్కి లాగాలి, రక్తం కనిపిస్తే సూది తీసి ఇంకో చోట పొడవండి. పాలలా తెల్లగా ఉండే పెన్సిలిన్ రక్తనాళంలోకి పోతే పెద్ద ప్రమాదం.

ఇక మీ గడ్డ సంగతి. చల్లగా, గట్టిగా ఉంటే వేడినీళ్ల గుడ్డతో కాపడం పెట్టండి, వేడిగా ఉండి ముట్టుకోనివ్వకపోతే చీము పట్టిందేమో, డాక్టరుకి చూపించండి. నొప్పికని డైక్లోఫెనాక్ వేయించకండి, ఆ మందు పడిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని పశువులకు దాన్ని 2006లోనే ఆపేశారు, బదులు మెలాక్సికామ్ ఉంది.