‘చిన్నోడొచ్చాడా?’ అన్న నాన్న మాట

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా ఫిరంగిపురం దగ్గర ఒక పల్లె. తాతల కాలం నుంచి కతోలికులం, వ్యవసాయమే బతుకు. నిరుడు నవంబరులో నాన్న పోయారు. ఆరెకరాల నల్లరేగడిలో పత్తి, మిరప పండించేవారు. పొద్దున పూజ, రాత్రి జపమాల ఎన్నడూ మానలేదు. ఈ నవంబరు మూడో వారంలో సంవత్సరీకం పూజ. నాన్న గురించి ఒక పేజీ రాసి, చిన్న కార్డు వేయించే పని నాకు అప్పగించారు. ‘నాన్న మా ఊరి ఇసిదోరు, ఏ లోపమూ లేని మనిషి అని రాయి’ అంటాడు అన్నయ్య. ఇసిదోరు అంటే పొలం పని చేసుకు బతికిన మా పునీతుడు (సెయింట్). తమ్ముడేమో అసలు రానంటున్నాడు. ఆరేళ్ల కిందట తన వాటా అమ్ముకుని వ్యాపారం పెట్టుకుంటానంటే, నాన్న నలుగురిలో ‘నువ్వు నా కొడుకువే కాదు’ అన్నారు. మళ్లీ మాట్లాడలేదు. భూస్థాపనకు వచ్చి, పిడికెడు మట్టి వేసి, ఇంటి గడప తొక్కకుండానే వెళ్లిపోయాడు. నాన్నను తలచుకుంటే నాకు ఒక్కోసారి గర్వం, ఒక్కోసారి కోపం. ఏం రాయను? ఆసుపత్రిలో చివరి రాత్రి నాన్న నన్ను ‘చిన్నోడొచ్చాడా?’ అని అడిగారు. పొద్దున ఫోన్ చేద్దామనుకున్నాను. తెల్లారేసరికి ఆయన లేరు. ఆ మాట ఇప్పటికీ తమ్ముడికి చెప్పలేదు. ఇద్దరం హైదరాబాద్‌లోనే ఉంటాం. నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడు పేజీలు. ఇక్కడ కుదించి వేశాం. అందులో రెండున్నర పేజీలు కార్డు గురించే. ఆసుపత్రి మాట చివర్లో, సంతకానికి కాస్త పైన, నాలుగు లైన్లలో ఉంది. ఉత్తరమంతా ఆ నాలుగు లైన్ల కోసమే రాశారనిపించింది. అక్కడికే వస్తాను. కానీ ముందు నాన్నగారి గురించి రెండు మాటలు మాట్లాడుకుందాం. ఆయన ఎలాంటి మనిషో మనసులో పెట్టుకోకపోతే ఆ మాట బరువు అర్థం కాదు.

రాత్రిపూట కరెంటు ఇచ్చే రోజుల్లో మిరప చేనుకు నీళ్లు కట్టడానికి వెళ్తూ జపమాల జేబులో వేసుకునేవారని, ఒక బోదె నిండేలోపు పది మంగళవార్తలు (పూసకొకటి చొప్పున చెప్పే మరియమాత జపం) అయిపోయేవని రాశారు. ఆ జపమాల తెగితే పురికొసతో ముడేసుకున్నారు. ఒక పూస ఎక్కడో చేలోనే పడిపోయింది. ఏటా ఫిబ్రవరిలో గుణదల మాత పండుగకు వెళ్లే మనిషికి అక్కడ కొత్తది కొనుక్కోవడం ఎంత పని? అయినా కొనలేదు. నేనూ గుంటూరు జిల్లా పల్లెలోనే పుట్టాను. అలాంటి ముసలివాళ్లను చూశాను. వాళ్లకు ప్రార్థన ఒక పని, పొలం మరో పని అని ఉండదు. ఒకటి చేస్తుంటే రెండోది నడుస్తుంటుంది. మీ పేజీకి మొదటి వాక్యం ఈ జపమాలే. భక్తిపరుడు, కష్టజీవి అని వంద విశేషణాలు రాసినా ఆ పురికొస ముడి చెప్పినంత చెప్పలేవు.

ఇక 1997-98 సంగతి. పత్తి పురుగు పాలై వరంగల్‌లో, మన గుంటూరులో ఎందరో రైతులు పురుగుల మందు తాగిన కాలమది. మీ నాన్నగారికీ అప్పులయ్యాయి. అమ్మ గాజులు అమ్మారు, పాడిగేదెను అమ్మారు, ఆరేళ్లు వడ్డీలు కట్టారు. సెంటు నేల మాత్రం అమ్మలేదు. అప్పుడు మీకు పదమూడు, తమ్ముడికి ఎనిమిది. పురుగుల మందు డబ్బా ఇంట్లో ఉంటే భయమని అమ్మ దాన్ని పక్కింట్లో దాచిందని రాశారు. అది చదివి కాసేపు ఉత్తరం పక్కన పెట్టాల్సి వచ్చింది.

అంత గండం గడిచి నిలబెట్టుకున్న పొలం అది. ఇరవై ఏళ్ల తర్వాత కొడుకు వచ్చి ‘నా వాటా అమ్మేస్తాను’ అన్నప్పుడు ఆయనకు వినిపించింది వ్యాపారం మాట కాదు. తాను చావకుండా బతికిందే ఆ నేల కోసం అనుకున్న మనిషికి ఆ అడగడం ఎలా తగిలి ఉంటుందో ఊహించగలను. ఊహించగలనని ఆయన అన్నమాట ఒప్పు అనను. నలుగురిలో కొడుకుని కొడుకు కాదనడం తప్పే. పోయేదాకా ఐదేళ్లు పలకకపోవడం ఇంకా పెద్ద తప్పు. మీకొచ్చే గర్వమూ న్యాయమే, కోపమూ న్యాయమే. రెండూ ఒకే మనిషి మీదవి, అందుకే మీకింత కష్టంగా ఉంది.

అన్నయ్య ఇసిదోరు పేరు ఎత్తారు కాబట్టి ఆయన సంగతే చూద్దాం. సుమారు 900 ఏళ్ల కిందట మాడ్రిడ్ దగ్గర ఒక ఆసామి పొలంలో పనిచేసిన కూలిమనిషి ఆయన. ఫ్రాన్సిస్ శౌరివారితో (ఫ్రాన్సిస్ జేవియర్) పాటు 1622 మార్చి 12న పునీతుడిగా ప్రకటించారు. మే 15 ఆయన పండుగ. పూజకు వెళ్లి పనికి ఆలస్యంగా వస్తున్నాడని తోటివాళ్లు ఆసామికి చాడీ చెబితే, ఆసామి చాటున నిలబడి చూశాడట. ఇసిదోరు ప్రార్థనలో ఉంటే దేవదూతలు అరక దున్నుతున్నారట. ఎంతో ముచ్చటైన కథ. కానీ మీ ఇంట్లో నాన్నగారు పొద్దున పూజకు వెళ్తే గేదెల పాలు పితికింది, కూలీలకు సద్ది కట్టింది మీ అమ్మే అయి ఉంటుంది. ఇసిదోరు భార్య మరియమ్మను కూడా పునీతురాలిగానే గౌరవిస్తారని అన్నయ్యకు చెప్పండి. కార్డు మీద ఇసిదోరు ఫొటో వేసుకోండి, పేజీలో మాత్రం అమ్మ పేరు కనీసం మూడుచోట్ల రావాలి. మీ మూడు పేజీల్లో అమ్మ గాజుల దగ్గర ఒకసారి, మందు డబ్బా దగ్గర ఒకసారి కనిపించి మాయమైపోయింది. ఈ ఏడాదంతా ఆవిడ ఎలా ఉందో మీరు రాయలేదు. అడగండి.

‘ఏ లోపమూ లేని మనిషి’ అన్న మాట మాత్రం వద్దు. శ్రీసభకు, అంటే కతోలిక చర్చికి కూడా అలాంటి రాత అక్కర్లేదు. ఆస్ట్రియాలో సాంక్ట్ రాడెగుండ్ అనే పల్లెలో ఫ్రాంజ్ యేగర్‌స్టేటర్ అని ఒక రైతు ఉండేవాడు. హిట్లర్ సైన్యంలో యుద్ధం చేయనన్నందుకు 1943 ఆగస్టు 9న తల తీసేశారు. అప్పటికి ఇంట్లో ముగ్గురు చిన్న ఆడపిల్లలు. 2007లో ఆయన్ని ధన్యుడిగా ప్రకటించారు, పునీతుడు కావడానికి ముందు మెట్టు అది. ఆయనకు పెళ్లికి ముందే, 1933లో, వేరే ఆమెతో ఒక కూతురు పుట్టింది. ఆ సంగతిని ఆయన జీవితకథల్లో ఎవరూ దాచలేదు. దాచకపోయినా ఆయన గౌరవం తగ్గలేదు. భార్య ఫ్రాంజిస్కా ఆయన జైలు నుంచి రాసిన ఉత్తరాలు జాగ్రత్తగా దాచుకుంది. వాటిలో దేవుడి మాటల పక్కనే పొలం పనుల మాటలూ ఉంటాయి. ఆమె 2013లో నూరేళ్లు నిండి పోయింది. ఆయన్ని మనకు అందించినవి ఆ ఉత్తరాలే.

ఇంకో మాట, ఇది మీ విశ్వాసంలోంచే. సంవత్సరీకం పూజ ఎందుకు పెట్టిస్తున్నారు? ఆయన ఆత్మకు నిత్య విశ్రాంతి దయచేయమని. ఉత్తరించు స్థలంలో, అంటే మోక్షానికి ముందు శుద్ధి పొందే చోట ఉన్న ఆత్మల కోసం బతికున్నవాళ్లు ప్రార్థించాలని చిన్నప్పుడు ఉపదేశిగారి దగ్గర నేర్చుకునే ఉంటారు. లోపమే లేని మనిషైతే ఆయన కోసం మనం చేసుకునే ప్రార్థనకు పనేముంది? ఆయన తప్పుకు కూడా చోటున్న పూజ అది. అందుకే ఆ పూజలో అందరికంటే ముందు వరసలో ఉండాల్సింది ఆ తప్పు తగిలిన తమ్ముడే. ‘నాన్న గొప్పవాడని ఒప్పుకోవడానికి రా’ అంటే అతను రాడు. నేనైనా రాను. ‘నాన్న నీకు అన్యాయం చేశారు, ఆయన కోసం ప్రార్థన చేద్దాం రా’ అంటే అది వేరే పిలుపు.

ఇప్పుడు ఆ నాలుగు లైన్ల దగ్గరికి వద్దాం.

తమ్ముడికి చెప్పండి. సంవత్సరీకం దాకా ఆగొద్దు. ఏడాదిగా మీరు మోస్తున్న ఈ మాట మీది కాదు, అతనిది. నాన్న అతని కోసం వదిలిన ఆఖరి మాట. ఫోన్‌లో వద్దు, వాట్సాప్‌లో అసలే వద్దు. ఒక ఆదివారం ఒంటరిగా వాళ్లింటికి వెళ్లండి. మరదలు ఇంట్లో ఉన్నా ఫర్వాలేదు, అన్నయ్యను మాత్రం వెంటబెట్టుకుని వెళ్లకండి. కాఫీలు, పిల్లల చదువుల కబుర్లు అయ్యాక చెబుదామనుకుంటే ఎప్పటికీ చెప్పలేరు. కూర్చోగానే చెప్పేయండి: ‘నాన్న చివరి రాత్రి నిన్నే అడిగారు. చిన్నోడొచ్చాడా అన్నారు. నేను పొద్దున పిలుద్దామనుకున్నాను. పిలవలేకపోయాను. నీకు ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. తప్పు నాదే.’ అంతే. ‘అందుకని నువ్వు పూజకు రావాలి’ అని దానికి తోక తగిలించకండి. నాన్న మాటను బేరానికి పెట్టినట్టవుతుంది.

అతను అరవొచ్చు. ‘ఏడాది ఎందుకు దాచావక్కా’ అనొచ్చు, లేచి బయటికి వెళ్లిపోవచ్చు. కాసేపు కూర్చుని వచ్చేయండి. అతను పిలవకపోయినా, రెండు రోజులాగి మళ్లీ వెళ్లండి. మీ వైపు సంజాయిషీలు ఆ మొదటి రోజున చెప్పొద్దు. రాత్రి పదింటికి మనిషి మాట్లాడుతుంటే పొద్దున ఉండరని ఎవరనుకుంటారు? ఆసుపత్రి బెంచీ మీద ఆ రాత్రి గడిపిన ఎవరైనా మీలాగే అనుకునేవారు. ఇది నేను మీకు చెబుతున్న మాట. అతనితో వాదించడానికి వాడుకోకండి.

అన్నయ్య మీద విసుక్కోకండి. పొలం చూసుకుంటూ నాన్న దగ్గర ఉండిపోయింది ఆయనే. నాన్నలో తప్పుందని ఒప్పుకుంటే తన పాతికేళ్ల కష్టం కూడా ప్రశ్నలో పడుతుందని లోలోపల భయం ఉండొచ్చు. పొలం భయమూ ఉండొచ్చు. అందుకే ఈ సంగతి కూడా తెలుసుకోండి. క్రైస్తవుల ఆస్తికి 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. తండ్రి బతికుండగా ఆయన ఆస్తిలో పిల్లలకు పుట్టుకతో వచ్చే వాటా అంటూ అందులో లేదు. ఆరోజు తమ్ముడు ‘నా వాటా’ అన్నదీ, నాన్న అంత భయపడ్డదీ చట్టం తెలియకే. ఇప్పుడు వీలునామా లేకపోతే మూడో వంతు అమ్మది, మిగిలింది కొడుకులకూ కూతురికీ సమానం. అంటే ఆరెకరాల్లో అమ్మకు రెండెకరాలు, మీ ముగ్గురికీ తలా ఎకరం ముప్ఫై మూడు సెంట్లు. కాగితాలు ఒక లాయరుకు చూపించండి. కానీ సంవత్సరీకం రోజున, భోజనాల దగ్గర పొలం మాట ఎవరు ఎత్తినా మీరు ఆపండి.

పేజీ సంగతి. పూజలో గురువులు చెప్పే ప్రసంగం దేవుని వాక్యం మీద ఉంటుంది. ఇంటివాళ్ల మాటలకు వేరే చోటు చూసుకోవాలి. మీరు రాసింది ఎక్కడ చదవాలో ఫాదర్‌గారిని అడగండి. సమాధి దగ్గరైతే మేలని నా అభిప్రాయం. ఊరందరి ముందు తమ్ముడి గొడవ చదవనక్కర్లేదు. లోపం చెప్పకపోవడం వేరు, లోపమే లేదని రాయడం వేరు. జపమాల, రాత్రి నీళ్లు, 1997-98, అమ్మ గాజులు, కార్మెల్ మాత కొండకు నడిచివెళ్లిన జులైలు, ఇవి చాలు. చివర ఒక్క వాక్యం రాయండి: ‘నాన్న కోపిష్టి. ఆ కోపం వల్ల నొచ్చుకున్నవాళ్లు క్షమించాలని ఆయన పిల్లలుగా కోరుతున్నాం.’ మన పల్లెల్లో దీన్ని ఎవరూ తప్పు పట్టరు. సంతకంలో ముగ్గురు పిల్లల పేర్లూ ఉండాలి. తమ్ముడు రాకపోయినా సరే. ఆయన ‘కొడుకువి కాదు’ అన్నమాటకు ఆ మూడో పేరే జవాబు.

నిద్ర గురించి కూడా చెప్పాలి. తమ్ముడితో మాట్లాడాక రెండు మూడు వారాల్లో కుదుటపడకపోతే సైకియాట్రిస్టును కలవండి. ఈలోపు రాత్రి మరీ భారంగా ఉంటే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. దుఃఖానికి డాక్టరెందుకని అనుకోకండి. ఏడాది నుంచి నిద్ర లేకపోవడం చిన్న విషయం కాదు.

సంవత్సరీకానికి ముందే నవంబరు 2, సమాధుల పండుగ వస్తుంది. జనం మధ్యకు రావడం తమ్ముడికి ఇష్టం లేకపోతే ఆ రోజు సందెవేళ, అందరూ కొవ్వొత్తులు వెలిగించి వెళ్లాక, మీరిద్దరూ అమ్మను తీసుకుని వెళ్లండి. జపమాలను అద్దాల ఫ్రేములో పెట్టిద్దామని అన్నయ్య అంటున్నాడని రాశారు. అప్పటిదాకా ఆపమనండి. ఆ సాయంత్రం దాన్ని తమ్ముడి చేతికివ్వండి. పురికొస ముడి దగ్గర ఒక పూస తక్కువ కదా. అక్కడికొచ్చాక నాన్న ఎలా లెక్కపెట్టుకునేవారో మీకు తెలియకపోవచ్చు. అమ్మను అడగండి, ఆవిడకు తెలిసే ఉంటుంది.