తెల్లవారుజామున చేపలు పైకి తేలుతున్నాయి, సున్నం వేయాలా?

ప్రశ్న: మాది ఏలూరు జిల్లా కైకలూరు మండలం. ఆరెకరాల చెరువులో శీలావతి, బొచ్చె పెంచుతున్నాం. తొమ్మిదో నెల నడుస్తోంది. రోజుకు 300 కిలోల మేత (నూనె తీసిన తవుడు, కొంత వేరుశనగ చెక్క) సంచుల్లో కట్టి వేలాడదీస్తున్నాం. పదిహేను రోజులకోసారి కోళ్ల ఎరువు, నెలకోసారి డీఏపీ వేస్తున్నాం. వారం నుంచి నీళ్లు నల్లపచ్చగా చిక్కబడ్డాయి. తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరుచుకుని పైకి వస్తున్నాయి, ఎండెక్కాక మళ్లీ మునుగుతున్నాయి. రెండు రోజుల్లో నలభై దాకా చనిపోయాయి, అన్నీ పెద్దవే. ఒకరు సున్నం చల్లమంటున్నారు, మరొకరు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేయమంటున్నారు. మేము నీళ్లు తోడుకునే మురుగు కాలువలోకే పై చెరువుల వాళ్లు నీళ్లు వదులుతారు. తప్పు ఆ నీళ్లదేనా? కాలువలు కట్టేసే (నీళ్లు ఆపేసే) లోపు చెరువు నింపుకోవాలా?

సమాధానం: ముందు ఈ రాత్రికి చేయాల్సింది చెబుతాను. కారణాలు తర్వాత చూద్దాం.

మేత పూర్తిగా ఆపండి. రెండు మూడు రోజులు తినకపోతే చేపకు నష్టమేమీ లేదు, తిన్న చేపకే ఊపిరి ఎక్కువ కావాలి. కోళ్ల ఎరువు, డీఏపీ ఈ పంటకు ఇక చాలు. ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఉంటే రాత్రి పదింటికి వేసి, పొద్దెక్కి ఏడు ఎనిమిదయ్యే వరకు తిప్పండి. లేకపోతే డీజిల్ ఇంజనుతో చెరువు నీళ్లనే తోడి, గట్టు మీద నుంచి తడకల మీదుగా మళ్లీ చెరువులోకే పడేలా చేయండి. ధార ఎంత చెదిరితే అంత గాలి కలుస్తుంది. చేపలు తేలాక పరుగెత్తడం కాదు, తేలకముందే ఇంజను తిరుగుతూ ఉండాలి. సున్నం వద్దు, మైలుతుత్తం అసలే వద్దు.

మీరు రాసిన వాటిలో నాకు బాగా పనికొచ్చినవి మూడు మాటలు: తెల్లవారుజామున, ఎండెక్కాక మునుగుతున్నాయి, పెద్దవే చనిపోయాయి. ఇవి ప్రాణవాయువు కొరతకు గుర్తులు. పురుగుమందు కలిసిన నీళ్లు వచ్చి ఉంటే వేళాపాళా లేకుండా చిన్నా పెద్దా అన్నీ తేలేవి. చెరువులోని రొయ్య పిల్లలు, నీటి పురుగులు కూడా చచ్చేవి. ఎండ రాగానే తేరుకోవడం అన్నది ఉండేది కాదు.

మీ చెరువుకు ఆ నల్లపచ్చ రంగు ఇచ్చింది కంటికి కనిపించనంత చిన్న నాచు. పగలు ఎండలో అది ప్రాణవాయువును వదులుతుంది. సాయంత్రం మూడింటికి కొలిస్తే మీ చెరువులో అవసరానికి మించి ఉన్నట్టు కనిపిస్తుంది. చీకటి పడ్డాక ఆ నాచు కూడా చేపలాగే ఊపిరి పీలుస్తుంది. చేపలు, నాచు, అడుగు బురదలో కుళ్లు తినే సూక్ష్మజీవులు అన్నీ కలిసి రాత్రంతా ఒకే ప్రాణవాయువు సంచిలోంచి తీసుకుంటాయి. ఆ సంచి తెల్లవారుజామున నాలుగు, అయిదు గంటలకు అడుగంటుతుంది. పైగా నీరు వేడెక్కేకొద్దీ సంచి చిన్నదవుతుంది. 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టుకుంటే, 30 డిగ్రీల నీరు ఏడున్నర మాత్రమే పట్టుకుంటుంది. చేపకు 5 ఉంటే హాయి, 3 కంటే తగ్గితే తిప్పలు. మబ్బు పట్టిన రోజు పగలు కూడా సంచి సరిగా నిండదు కాబట్టి ఆ రాత్రి మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఇంత నాచు ఎందుకు పెరిగిందంటే, మీరే పెంచారు. కోపగించుకోకండి, లెక్క చూడండి. 300 కిలోల మేతలో మాంసకృత్తులు యాభై కిలోలకు కాస్త పైన ఉంటాయి. ఆరుంపావు కిలోల మాంసకృత్తుల్లో ఒక కిలో నత్రజని ఉంటుంది కాబట్టి రోజుకు ఎనిమిది కిలోల నత్రజని చెరువులో పడుతోంది. చేప ఒంటికి పట్టేది అందులో పావు వంతు, బాగా జరిగితే మూడో వంతు. మిగిలిన అయిదున్నర, ఆరు కిలోలు మొప్పల నుంచి అమ్మోనియాగా, పెంటగా, మేత సంచి కిందికి జారిన తవుడుగా నీళ్లలోనే ఉండిపోతాయి. యూరియాలో నత్రజని 46 శాతం. ఆ లెక్కన మీరు రోజుకు పన్నెండు కిలోల యూరియా, నెలకు 45 కిలోల బస్తాలు ఎనిమిది చెరువులో చల్లుతున్నట్టే. దీనిపైన కోళ్ల ఎరువు, ఆపైన డీఏపీ! పిల్ల వదిలిన కొత్తలో, చేపకు మేతగా నాచు, సూక్ష్మజీవులు కావాల్సినప్పుడు ఎరువు వేయడం సరైనదే. మేత ఈ స్థాయికి చేరాక ఎరువు వేయడమంటే కడుపు నిండినవాడికి మళ్లీ విస్తరి వేయడం.

నత్రజనికైనా బయటికి ఒక దారి ఉంది. గాలి తగిలే చోట సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రేట్‌గా మారుస్తాయి. గాలి అందని బురదలో మరికొన్ని ఆ నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి ఆకాశానికి పంపేస్తాయి. భాస్వరానికి ఆ దారి కూడా లేదు. తవుడులో భాస్వరం దండిగా ఉంటుంది, కానీ అందులో ఎక్కువ భాగం ఫైటేట్ (గింజలు భాస్వరాన్ని దాచుకునే పదార్థం) రూపంలో ఉంటుంది. శీలావతికీ బొచ్చెకూ జీర్ణాశయం అంటూ వేరే లేదు. ఆ ఫైటేట్ వాటి పేగులో సరిగా అరగదు, వచ్చింది వచ్చినట్టే బురదలోకి దిగుతుంది. అక్కడ ఇనుముతో కలిసి కొన్నాళ్లు కదలకుండా ఉంటుంది. అడుగున ప్రాణవాయువు పూర్తిగా పోయిన రోజు ఆ పట్టు విడిపోయి భాస్వరం తిరిగి నీళ్లలోకి వస్తుంది, నాచుకు మళ్లీ విందు. అందుకే ఏళ్ల తరబడి సాగు చేసిన చెరువులో ఎరువు వేయకపోయినా నీళ్లు పచ్చబడతాయి. కాలు పెడితే కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చే నల్ల బురద మీ చెరువులో ఉంటే ఆ దశ వచ్చేసినట్టే.

ఇక సున్నం సంగతి. నాచు పగటిపూట నీళ్లలోని బొగ్గుపులుసు వాయువును లాగేయడంతో మధ్యాహ్నానికి ఉదజని సూచిక (పీహెచ్, నీటి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే అంకె) 9 దాకా వెళుతుంది. 30 డిగ్రీల వేడిలో ఈ సూచిక 8 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది సుమారు 7 శాతం. 9 అయితే దాదాపు సగం. అలాంటి నీళ్లలో సున్నం పడితే సూచిక ఇంకా పెరిగి, ఉన్న అమ్మోనియానే విషం అవుతుంది. మైలుతుత్తం నాచును చంపుతుంది నిజమే. చచ్చిన నాచు ఎక్కడికి పోతుంది? అడుగున పడి ఒక్కసారిగా కుళ్లుతుంది, కుళ్లడానికి ప్రాణవాయువు కావాలి. పొద్దున నలభై చేపలు పోయిన చెరువులో మరుసటి రోజు నాలుగు వేలు పోవచ్చు. దుకాణంలో సీసా చేతిలో పెట్టేవాళ్లు ఈ రెండో రోజు గురించి చెప్పరు.

నాలుగో రోజు నుంచి సగం మేతతో మొదలుపెట్టండి, అదీ ఉదయం ఎనిమిది తొమ్మిది గంటల తర్వాతే. మోచేతి దాకా చెయ్యి నీళ్లలో ముంచితే అరచేయి లీలగా కనిపించాలి, కొలతలో చెప్పాలంటే 25 నుంచి 40 సెంటీమీటర్ల లోతు. అరచేయి కనిపించేదాకా మేత పెంచవద్దు. పెద్ద చేపలను ఇప్పుడే ఒక విడత పట్టి అమ్మేయండి. ధర కాస్త తగ్గినా సరే. ఊపిరి పీల్చే బరువు తగ్గుతుంది, అంతేకాదు, మీరు మేతగా పోసిన నత్రజని, భాస్వరాలు చెరువు దాటి వెళ్లే సరైన మార్గాల్లో వల ఒకటి. చనిపోయిన చేపలను కాలువలో వేయకండి, గట్టుకు దూరంగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చండి.

కాలువ నీళ్ల మీద మీ అనుమానం కూడా కొట్టిపారేయదగ్గది కాదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, వాటితోపాటు కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు కాలువలు కొల్లేరులో కలుస్తాయి. వరి చేల యూరియా, విజయవాడ, ఏలూరు, గుడివాడ వంటి పట్టణాల మురుగు, చెరువుల నీళ్లు అన్నీ వాటిలోనే వస్తాయి. సరస్సు నుంచి సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. వెనకటి కొల్లేరులో జమ్ము, కిక్కిస వంటి నీటి గడ్డి దట్టంగా ఉండి ఈ పోషకాలను కొంత పీల్చుకునేవి. ఇప్పుడు ఆ పని గుర్రపుడెక్క చేస్తోంది, కానీ దాన్ని తీసి ఒడ్డుకు వేయకపోతే కుళ్లి తిన్నదంతా తిరిగి నీళ్లకే ఇచ్చేస్తుంది. పై చెరువు వదిలిన నీరు మీకు వస్తున్నట్టే మీరు వదిలింది కింది వాళ్లకు పోతోంది. నీరు మారినా, అందరూ ఒకరి మేత మిగులును మరొకరు తోడుకుంటున్నారు.

పట్టుబడి (చేపలు పట్టడం) అయ్యాక మీ వంతు నీళ్లను నేరుగా కాలువలోకి వదలకుండా, గట్టు పక్కన ఒక కుంట తవ్వి జమ్ము పెంచి దాని గుండా పంపండి. పక్కన వరి ఉంటే ఇంకా మేలు. ఉప్పదనం పరీక్ష చేయించి, తగినట్టుంటే ఆ నీళ్లు పొలానికి పెట్టి యూరియా తగ్గించుకోవచ్చు. చెరువు నెర్రెలు విచ్చేదాకా ఎండనివ్వండి, గాలి తగిలితే ఆ నల్ల బురద రంగు మారుతుంది. పై పొర పూడిక తీసి, దానికీ ఉప్పు పరీక్ష చేయించాక, వరికో గట్ల మీది పశుగ్రాసానికో తోలుకోండి. అది మీరు డబ్బు పెట్టి కొన్న భాస్వరమే. మీకు సున్నం చల్లాలని అంత కోరికగా ఉంటే, మట్టి పరీక్ష చేయించి అప్పుడు చల్లండి, అదే దాని వేళ.

నింపుకోవాలా అన్నారు. నింపుకోండి, కాలువలు కట్టేశాక మురుగు కాలువల్లో మిగిలేది చిక్కటి నీళ్లే. సరస్సు మట్టం పడిపోయినప్పుడు ఉప్పుటేరు గుండా సముద్రపు ఉప్పు కూడా పైకి ఎగబాకుతుంది. అయితే తోడే ముందు కాలువ నీళ్లలో ప్రాణవాయువు, అమ్మోనియా, ఉప్పదనం చూడండి, పరీక్ష కిట్లు మీ దగ్గరి ఆక్వా దుకాణాల్లో దొరుకుతాయి. పది చేప పిల్లలను చిన్న వల సంచిలో కట్టి ఒక రాత్రంతా ఆ కాలువలో ఉంచండి. ఉదయానికి అవి హుషారుగా ఉంటే ఇంజను వేయండి. ఒకేసారి కాకుండా రోజుకు అరడుగు చొప్పున, ముందు మీ చెరువు అట్టడుగు నీళ్లు అంతే మేర తీసేసి నింపండి. మూడు రోజులు ఉదయం అయిదింటికీ, మధ్యాహ్నం మూడింటికీ ప్రాణవాయువు, ఉదజని సూచిక కొలిచి ఆ ఆరు అంకెలూ నాకు రాసి పంపండి. మేత మళ్లీ ఎంత వరకు పెంచవచ్చో అవి చూసి చెబుతాను.